గాడి లాగిందా, సారా లాగిందా?



ఈ నెల మేము మీకు ఒక బండి సంగతి చెప్పబోతున్నాము. పాస్టరుగారికి బండి మరమ్మతులతో ఏమి పని అని కొందరు నవ్వుకోవచ్చు. నిజమే, మేము చదివినది వేదాంత డిప్లొమా. స్పానరు ఎటు తిప్పాలో కూడా మాకు సరిగా తెలియదు. అయినా 2017వ సంవత్సరములో ఒక స్టీరింగు మూలముగా మా నోట ఒక మాట వచ్చింది. ఆ మాట వెనక్కు తీసుకోవడానికి మాకు అయిదు నెలలు పట్టింది.

మేమున్నది భద్రాచలము. తిరిగేది గోదావరికి ఈవల దుమ్ముగూడెం, చర్ల మండలాల అడవి అంచు పల్లెలలో. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అంటున్నాముగాని, 2016 అక్టోబరు వరకు మాదంతా ఖమ్మం జిల్లాయే. పెద్దవాళ్ళ నోట ఇంకా ఆ మాటే వస్తుంది. వాగులు దాటాలి, ఎడ్లబండ్ల దారులలో పోవాలి, వర్షాకాలములో బురదలో దిగబడి మళ్ళీ లేవాలి. కాబట్టి ఒక గుత్తేదారు అమ్ముతున్న పాత జీపును 2011లో సంఘమంతా తలా కొంత వేసి కొన్నాము. నాలుగు చక్రాలకూ ఇంజను బలము అందే బండి. దాని టైర్లు సన్నవి, ఎత్తైనవి. పాత జీపుల కొలత 6.00-16, అంటే ఆరు అంగుళాల వెడల్పు, పదహారు అంగుళాల రిమ్ము. చూడటానికి బక్కగా ఉండేవిగాని ఆరేళ్ళు మమ్మల్ని ఎక్కడా నడిరోడ్డులో వదిలిపెట్టలేదు.

బండిని నడిపేది మా డ్రైవరు తమ్ముడు. పేరెందుకులెండి. వయసులో మాకంటే ఏడెనిమిదేళ్ళు చిన్నవాడు. అంతకుముందు కాగితపు మిల్లుకు జామాయిల్ కట్టె తోలే లారీ మీద క్లీనరుగా చేరి డ్రైవరైనవాడు. ఆ లారీ రోజుల్లో ఇప్పసారా అలవాటుండేది. 2013లో బాప్తిస్మము పొందిన తరువాత మళ్ళీ ముట్టలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

మా సంఘపు కుర్రవాడొకడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగము చేస్తున్నాడు. మంచి పిల్లవాడు. బండ్లంటే ప్రాణము. ఆ ఏడు మార్చిలో సెలవు మీద వచ్చి మా జీపును చూసి, "అయ్యగారూ, దీనికి కొత్త బట్టలు తొడుగుతాను" అన్నాడు. పదిరోజుల్లో ఒక మినీ లారీ మీద సామాను దిగింది. వెడల్పు టైర్లు నాలుగు, వాటి కొలత 31, 10.50, 15. అంటే టైరు ఎత్తు 31 అంగుళాలు, వెడల్పు పదిన్నర అంగుళాలు. తళతళలాడే రిమ్ములు. అరచేయి రెండింతలుండే చిన్న స్టీరింగు చక్రము. ఆ టైర్లు మడ్‌గార్డుకు తగులుతున్నాయని, జీపును పైకి లేపడానికి కమాన్ పట్టీల చివర పొడవాటి షాకిళ్ళు. చక్రాలు మడ్‌గార్డు దాటి రెండువైపులా బయటికి వచ్చాయి.

బండి మల్లయోధుడిలా నిలబడింది. పిల్లలు చుట్టూ మూగారు. పక్క ఊరి పాస్టరుగారు వచ్చి రెండుసార్లు చుట్టూ తిరిగి చూశారు. మాకూ ముచ్చట వేసింది. దాచడమెందుకు? ఆ ఆదివారము మేము గుడి ముందు దిగేటప్పుడు కాస్త నెమ్మదిగానే దిగాము.

వారము తిరగకముందే డ్రైవరు తమ్ముడు వచ్చి, "అయ్యగారూ, స్టీరింగు బరువెక్కింది. రోడ్డు గాడి ఎటు పోతే బండి అటు పోతోంది. చేతులు వాస్తున్నాయి" అన్నాడు. కొత్త టైర్లు కదా, అలవాటు పడితే సర్దుకుంటుందని పంపించేశాము.

ఇక్కడి రోడ్ల సంగతి చెప్పాలి. పాల్వంచలో విద్యుత్ కేంద్రము, మణుగూరులో సింగరేణి బొగ్గు గనులు, సారపాకలో కాగితపు మిల్లు, గోదావరి పొడవునా ఇసుక. వీటన్నిటి లారీలూ ఈ రోడ్ల మీదనే నడవాలి. మే నెల ఎండకు తారు మెత్తబడుతుంది. ఆ మెత్తటి తారు మీద బరువైన లారీ చక్రాలు ఒకే వరుసలో పోయి పోయి రెండు పొడవాటి పల్లాలు పడతాయి. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రములో 1958 నుండి 1960 వరకు ప్రత్యేకముగా రోడ్లు వేసి, వాటి మీద లారీలను తిప్పి పరీక్షించారు. ఇరుసు మీది బరువు రెట్టింపైతే రోడ్డుకు కలిగే నష్టము రెట్టింపు కాదు, సుమారు పదహారు రెట్లని వారి లెక్కలో తేలింది. మోయవలసిన దానికి మించి ఇసుక ఎత్తిన ఒక్క లారీ ఏమి చేసి పోతుందో మీరే ఊహించండి. మా చర్ల రోడ్డు మీద కొన్నిచోట్ల ఆ పల్లములో నిలిచిన వాన నీళ్ళలో పిల్లలు కాగితపు పడవలు వదిలేవారు.

ఆగస్టు నెల. రాత్రి పదకొండు దాటింది. దుమ్ముగూడెం అవతల ఒక పల్లెలో తొలి కానుపు పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. ఆ పల్లెలో ఫోను సిగ్నలు అందదు. ఒక కుర్రవాడు సైకిలు మీద వచ్చి తలుపు తట్టాడు. డ్రైవరు తమ్ముడు లేచి, మొహము కడుక్కొని, జీపు తీసుకొని వెళ్ళాడు. మేము జ్వరముతో ఉండి వెళ్ళలేదు. ఆ పిల్లను, ఆమె అత్తగారిని, భర్తను ఎక్కించుకొని వాన చినుకులలో ఆసుపత్రికి వస్తున్నాడు. ఎదురుగా ఇసుక లారీ. పక్కకు తప్పుకోవడానికి స్టీరింగు ఎడమకు తిప్పాడు. బండి రాలేదు. గాడి గోడకు ఆనుకొని గాడిలోనే పోతోంది. ఇంకా తిప్పాడు. అప్పుడు ఒక్కసారిగా టైరు గోడ ఎక్కి, తిప్పినదంతా ఒకేసారి అంది, జీపు రోడ్డు దిగి మురుగు కాలువలో ఒరిగింది.

ప్రభువు కృపవలన ప్రాణాలు దక్కాయి. వెనుక వస్తున్న ఆటోవాళ్ళు ఆగి వారిని ఆసుపత్రికి చేర్చారు. తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమము. అత్తగారికి మాత్రము కుడి మణికట్టు విరిగింది.

పొద్దున్నే డ్రైవరు తమ్ముడు మా వాకిట్లో నిలబడ్డాడు. బట్టలంతా బురద. అప్పటికే ఇద్దరు ముగ్గురు వచ్చి, "మళ్ళీ మొదలుపెట్టాడటయ్యా" అని మా చెవిన వేసి వెళ్ళారు. "అయ్యగారూ, బండి నా మాట వినలేదు. గాడి లాగేసింది" అన్నాడు.

మేము అన్న మాట ఇది: "గాడి లాగిందా, సారా లాగిందా?"

మా ఇంటావిడ లోపలినుండి వింటున్నది. చేతిలోని టీ గ్లాసు అతనికి ఇవ్వడానికి వచ్చి, అక్కడే ఆగిపోయింది. అతను ఏమీ అనలేదు. తాళము చెవి గడప మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారము పెద్దల కూటములో అతన్ని తీసివేయడానికి తీర్మానమైంది. చెయ్యెత్తిన వారిలో మొదటివారము మేమే. అతను పత్తి తీతకు కూలికి పోసాగాడు. అతని భార్య గుడికి రావడము మానేసింది.

జీపుకు డెంటింగు చేయించి, ఆ తరువాత మేమే నడుపుకొన్నాము. గంటకు ముప్ఫై కిలోమీటర్లు దాటకుండా. మా చేతుల్లో కూడా అది ఊగేది, మేము దాన్ని మా అలవాటులేని తనానికి కట్టాము. అతని చేతుల్లో ఊగితే సారా, మా చేతుల్లో ఊగితే అలవాటు లేకపోవడము. ఆ రోజుల్లో ఈ తేడా మాకు తట్టనేలేదు.

క్రిస్మసుకు మూడు రోజుల ముందు మా హైదరాబాదు కుర్రవాడు కొత్తగా కొన్న పాత కారులో వచ్చాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, నేలకు జానెడు ఎత్తు. దానికీ కొత్త బట్టలు తొడిగించాడు. స్ప్రింగులు మార్చి ఇంకా కిందికి దించాడు. 205/55 టైర్లు తీసివేసి 235/35 వేయించాడు. టైరు పక్కన ఉండే ఈ అంకెలు మీరు చూసే ఉంటారు. మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి ఎంత అని. లెక్క వేస్తే అతని పాత టైరు పక్కగోడ 113 మిల్లీమీటర్లు, కొత్తది 82. గోడ పొట్టిదైంది, బిగుసుకుంది, అడుగు వెడల్పైంది.

కారు దిగుతూనే ఆ పిల్లవాడు రెండు చేతులూ విదిలించుకొన్నాడు. మొహము పాలిపోయి ఉంది. "అయ్యగారూ, పాల్వంచ దాటినప్పటినుంచి చచ్చి బతికాను. బండి నా మాట వినడం లేదు. రోడ్డు గాడి లాగేస్తోంది. ఒకసారి బొగ్గు లారీ కిందికే పోయేదాన్ని" అన్నాడు.

మేము అతన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చాము. పాపము ఎంత భయపడ్డావో అన్నాము. మేస్త్రికి చూపిద్దాము నాయనా అని కూడా అన్నాము.

మా ఇంటావిడ వంటింట్లోనుండి వచ్చి, ఆ పిల్లవాడు వినేలాగానే, "మరి వీడిని అడగరేమి, గాడి లాగిందా సారా లాగిందా అని?" అన్నది.

ఆ పిల్లవాడికి అర్థము కాలేదు. మాకు అయింది. అవే మాటలు. బండి మాట వినలేదు, గాడి లాగేసింది. ఒకరు చెబితే మంచినీళ్ళు ఇచ్చాము, ఇంకొకరు చెబితే తాళము చెవి తీసుకొన్నాము. ఆ రాత్రి మేము క్రిస్మసు ప్రసంగము రాసుకోవాలని కూర్చొని, ఒక్క వరుస కూడా రాయలేదు.

పండుగ మరునాడు రెండు బండ్లూ తీసుకొని కొత్తగూడెము వెళ్ళాము. అక్కడ గనుల బండ్ల మీద పనిచేసి, వయసు మీరాక సొంత షెడ్డు పెట్టుకొన్న పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవారు. ఆయన బండి ముట్టుకోకముందే ప్రశ్నలు వేశారు. ఎటు లాగుతుంది? ఎప్పుడు లాగుతుంది? రోడ్డు మారితే మారుతుందా? మేము ఆ ప్రశ్నలు ఆగస్టులో ఒక్కరినీ అడగలేదు.

ఎందుకు అడుగుతున్నారో ఆయనే చెప్పారు. బండి ఎప్పుడూ ఒకవైపుకే లాగితే, ఆ వైపు టైరులో గాలి తగ్గి ఉండవచ్చు, లేదా ఆ వైపు బ్రేకు పట్టేసి ఉండవచ్చు. నున్నటి రోడ్డు మీద కూడా అటొకసారి ఇటొకసారి తేలిపోతుంటే, కీళ్ళు వదులయ్యాయని, లేదా చక్రాలు నిలిచే కోణము చెడిందని అర్థము. గాడి ఉన్నచోట మాత్రమే, గాడి ఎటు పోతే అటు పోతుంటే, మొదట టైరును అనుమానించాలి. "ఈ మూడోదాన్ని ట్రామ్‌లైనింగ్ అంటారు" అని మా కుర్రవాడు అందుకొన్నాడు. ట్రాము పట్టాల నుండి వచ్చిన మాట. మద్రాసులో 1953 వరకు రోడ్ల మీద ట్రాములు నడిచేవి. పట్టా గాడిలో పడిన సైకిలు చక్రము ఇక దాని ఇష్టము వచ్చినట్టు పోదు కదా, అదే ఇది. మేస్త్రికి ఆ పేరు తెలియదు. ఆయన "గాడి పట్టుడు" అన్నారు. ఆయన మాటే మాకు నచ్చింది.

వెడల్పు టైరు గాడిని ఎందుకు పట్టుకొంటుంది? ఆయన సుద్దముక్కతో నేల మీద గీసి చూపించారు. సన్నటి టైరు గాడి అడుగున సర్దుకొని కూర్చుంటుంది, దాని ఎత్తైన మెత్తటి పక్కగోడ కాస్త వంగి రోడ్డు వంకరను మింగేస్తుంది. వెడల్పు టైరు అడుగున పట్టదు. ఒక అంచు గాడి గోడ మీద, రెండో అంచు గాలిలో. బరువంతా ఆ ఒక్క అంచు మీద పడి, చక్రాన్ని పక్కకు తిప్పుతుంది. పక్కగోడ పొట్టిదై బిగుసుకొని ఉంటే ఆ తోపుడు నేరుగా స్టీరింగులోకి వస్తుంది. పైగా మా రిమ్ములు చక్రాలను బయటికి నెట్టాయి. తలుపును బందు దగ్గర తోసి చూడండి, కదలదు. చివర తోయండి, చిటికెన వేలికి తెరుచుకుంటుంది. చక్రము తిరిగే బందు కింగ్ పిన్. టైరు దానికి ఎంత దూరము జరిగితే రోడ్డుకు అంత బలము వస్తుంది, నడిపేవాడికి అంత బలము తగ్గుతుంది. పెద్ద స్టీరింగు తీసి చిన్నది పెట్టించుకొని, ఉన్న కాస్త బలాన్నీ మేమే తగ్గించుకొన్నాము.

గాలి చూశారు. నలభై పౌన్లు ఉంది. ఎక్కువ గాలి ఉంటే బండి తేలికగా పోతుందని మేమే కొట్టిస్తూ వచ్చాము. "ఈ బరువుకి ఈ టైరుకి పాతిక చాలయ్యా, రాయిలాగ చేశారు" అన్నారు.

తరువాత ముందు చక్రాలను జాకీ మీద లేపారు. టైరును పైనా కిందా పట్టుకొని ఊపారు. అక్కడ ఆట ఉంటే బేరింగుదో కింగ్ పిన్‌దో లోపము. ఏమీ లేదు. ఈసారి కుడి ఎడమలుగా పట్టుకొని ఊపారు. టక్ టక్‌మంది. టై రాడ్ ఎండ్లు రెండూ పోయాయి. రెండు ముందు చక్రాలను కలిపి ఉంచే కడ్డీ చివర గుండ్రటి కీళ్ళు అవి. బరువైన వెడల్పు చక్రాలు ఎనిమిది తొమ్మిది నెలలు గుంజి గుంజి వాటిని వదులు చేశాయి. మమ్మల్ని పిలిచి, "అయ్యా, టైరు మీద చెయ్యి పెట్టి అడ్డంగా రుద్దండి" అన్నారు. ఒకవైపుకు రుద్దితే నున్నగా ఉంది. ఇంకోవైపుకు రుద్దితే రంపము పళ్ళలాగా చేతికి తగిలింది. చక్రము నేరుగా దొర్లకుండా పక్కకు ఈడ్చుకుపోతున్నదని దాని అర్థము.

దారము, టేపు తెచ్చి కొలిచారు. ముందు చక్రాల మధ్య దూరము ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి. ఇలాంటి పాత జీపులలో ముందువైపు దూరము ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, అంటే చక్రాలు వెంట్రుకవాసి లోపలికి చూడాలి. కాడి కట్టిన ఎడ్లు రెండూ కాస్త లోపలికి ఒరిగి నడిస్తే బండి తిన్నగా పోతుంది. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు లాగితే? మా జీపు చక్రాలు ఏడు మిల్లీమీటర్లు బయటికి చూస్తున్నాయి.

ఇంకొకటి మిగిలింది, దాన్ని ఆయన చివరిదాకా దాచిపెట్టారు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, పైభాగము వెనుకకు వాలి ఉంటుంది గమనించారా? సైకిలు తిన్నగా పోవడానికి ఆ వాలు తోడ్పడుతుంది. జీపు ముందు ఇరుసుకూ అలాంటి వాలు పెడతారు. క్యాస్టర్ అంటారు. పాత జీపులకు అది సుమారు మూడు డిగ్రీలు. మలుపు తిరిగాక స్టీరింగు తనంత తాను మధ్యకు వచ్చేది ఆ వాలు వలననే. మాకు పెట్టిన పొడవు షాకిళ్ళు కమాన్ పట్టీల ముందు చివరను కిందికి దించి, ఇరుసును ముందుకు తిప్పేశాయి. ఆయన కోణము చూసే ముక్క పెట్టి చూస్తే ఒక డిగ్రీ కూడా లేదు. అందుకే నున్నటి రోడ్డు మీద కూడా అది తాగినవాడిలా తూలేది. ఆ మాట మేస్త్రి అన్నదే, మేము కల్పించినది కాదు. ఆయనకు మా కథ ఏమీ తెలియదు. మేము తల వంచుకొన్నాము.

మా కుర్రవాడు అన్నీ ఒకేసారి మార్చేద్దామన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. "అన్నీ కలిపి మార్చితే ఏది రోగమో మీకు ఎన్నటికీ తెలియదు. మొదట పాత చక్రాలు వేసుకొని అదే రోడ్డు మీద నడిపి రండి" అన్నారు.

పాత చక్రాలు మా ఇంట్లోనే ఉన్నాయి. మూడు రేకుల షెడ్డులో. నాలుగవదాని టైరు ఊడదీసి మా పిల్లలు వేపచెట్టుకు ఉయ్యాల కట్టుకొన్నారు. ఇంటికి వచ్చి దాన్ని విప్పుతుంటే చిన్నవాడు ఏడ్చాడు. నాలుగూ బిగించి చర్ల రోడ్డు మీదికి పోయాము. గాడి లాగడము సగానికిపైగా పోయింది. నున్నటిచోట తూలడము మాత్రము అలాగే ఉంది. అంటే రెండు రోగాలు కలిసి ఉన్నాయన్నమాట. మళ్ళీ కొత్తగూడెము పోయి, టై రాడ్ ఎండ్లు కొత్తవి వేయించి, షాకిళ్ళు పాతవి పెట్టించి, బుష్షులు మార్పించి, చక్రాలను రెండు మిల్లీమీటర్లు లోపలికి సరిచేయించి, పెద్ద స్టీరింగు మళ్ళీ బిగించాము. మొత్తము నాలుగు వేల చిల్లర అయింది. నాలుగు వేలు.

కారు సంగతి త్వరగా చెప్పేస్తాము. ఖమ్మములో కంప్యూటరు మీద ఎలైన్‌మెంటు చూపిస్తే, కిందికి దించినప్పుడు దాని ముందు చక్రాలు కూడా బయటికి తిరిగాయని, పైభాగాలు లోపలికి ఎక్కువగా వాలాయని కాగితము వచ్చింది. సరిచేశాక సగము తగ్గింది. మిగతా సగము ఆ టైర్లు ఉన్నంత కాలము ఉంటుంది. అతను పాత టైర్లు అమ్ముకొన్నాడు మరి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టము వచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టము 52వ సెక్షనులో ఉన్నదట; సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. మేము చేసినప్పుడు ఈ సంగతి మాకెవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

బండి బాగైంది. కాని టై రాడ్ తెగిందని రుజువైనంత మాత్రాన ఆ రాత్రి అతను తాగలేదని రుజువు కాదు కదా అని మా పెద్దలలో ఒకరు అన్నారు. మాటవరసకు అది నిజమే. అప్పుడు మేము దుమ్ముగూడెం అవతలి ఆ పల్లెకు వెళ్ళి, మణికట్టు విరిగిన ఆ పెద్దమ్మను అడిగాము. ఆమె చేయి అతుకుకొన్నది గాని కాస్త వంకర వచ్చింది. మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది. "నేను వాడి పక్కన కూచున్ననయ్యా. భుజము భుజము తగులుతుండె. సారా వాసన నాకు తెలవదా? మా ఇండ్లల్ల పుట్టిన వాసన. వాని దగ్గర చుట్ట వాసన గూడ లేదు. దారి పొడుగూ స్టీరింగుతోని కుస్తీ పడుతనే ఉన్నడు, పిల్లకు కుదుపు తగలగూడదని" అన్నది. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాము.

"నన్నెవరడిగిన్రు?" అన్నది.

జనవరి మొదటి ఆదివారము గుడిలో లేచి నిలబడి, మేము అన్న మాట ఏమిటో, అది ఎందుకు అబద్ధమో అందరి ముందూ చెప్పాము. తీర్మానము రద్దు చేయమని పెద్దలను అడిగాము. అతను ఆ రోజు గుడిలో లేడు. సాయంత్రము మేమూ మా ఇంటావిడా అతని ఇంటికి వెళ్ళాము. అతను పత్తి సంచి దులుపుతున్నాడు. భార్య మమ్మల్ని చూసి లోపలికి వెళ్ళిపోయింది. మంచము వాల్చమని అతను కేక వేస్తే, కాసేపటికి వాల్చింది గాని మాట్లాడలేదు.

తప్పు మాదేనని, క్షమించమని అడిగాము. బండిలో ఏమేమి పోయాయో మేస్త్రి చెప్పినవన్నీ చెప్పాము. అతను అన్నీ విన్నాడు. కింగ్ పిన్ దగ్గర మాత్రము, "అది బాగానే ఉందని నాకు తెలుసు, టై రాడ్ అనే అనుకున్నా" అన్నాడు. చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత, "తీసేసినందుకు బాధ లేదు అయ్యగారూ. పని ఈడ కాకపోతే ఇంకోచోట దొరుకుద్ది. ఆ మాట మాత్రం మీ నోట్లోనుంచి రాకుండా ఉండాల్సింది. నాలుగేళ్ళు నేను దాన్ని ఎట్లా వదిలిపెట్టుకుని ఉన్నానో మీకొక్కరికే తెలుసు" అన్నాడు.

దానికి మా దగ్గర జవాబు లేదు. మా ఇంటావిడ మాత్రము సంచిలోనుండి తాళము చెవి తీసి మంచము మీద పెట్టింది. అతను దాన్ని వెంటనే తీసుకోలేదు. నాలుగో రోజు ఉదయము వచ్చి, మమ్మల్ని పలకరించకుండానే బానెట్టు ఎత్తి ఆయిలు చూసుకొన్నాడు. అతని భార్య గుడికి మళ్ళీ రావడానికి ఈస్టరు దాకా పట్టింది.

ఆ రోజు మధ్యాహ్నము చర్ల వైపు ప్రయాణము. అతను నడుపుతున్నాడు, మేము పక్కన కూర్చున్నాము. ఆగస్టులో జీపు ఒరిగిన చోటు వచ్చింది. కాలువ గట్టు మీద ఆ గీత ఇంకా ఉంది. ఎదురుగా ఇసుక లారీ ఒకటి వస్తోంది. అతను స్టీరింగు కాస్త ఎడమకు తిప్పాడు. సన్నటి టైర్లు గాడి అంచు ఎక్కి దిగాయి, లారీ పోయింది, బండి మళ్ళీ తిన్నగా నడిచింది. అప్పుడు అతను రెండు చేతులూ స్టీరింగు మీదినుండి ఒక్క క్షణము లేపి, మళ్ళీ పెట్టుకొన్నాడు. మాకు చూపించడానికో, తనకోసమో అడగలేదు.

కొంతదూరము పోయాక, "ఆ పెద్ద టైర్లు ఏం చేశారయ్యగారూ?" అన్నాడు.

షెడ్డులో పడి ఉన్నాయన్నాము.

"ఒకటి వేపచెట్టుకు కట్టండి. ఉయ్యాల పోయిందని చిన్నబాబు ఏడుస్తున్నాడంట. ఆ వెడల్పుకి ఇద్దరు పిల్లలు కూచోవచ్చు" అన్నాడు.

తిరిగి వచ్చాక ఆ సాయంత్రమే అతనే నిచ్చెన వేసుకొని కట్టాడు.